రక్తపోటు, మూత్రపిండములు, మన బాధ్యత
(సంఘ వార్షిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఆరోగ్య ఉపసంఘం తరఫున నాలుగు మాటలు చెప్పమని పెద్దలు ఆజ్ఞాపించారు. మేము డాక్టర్లము కాము. చదివినది, తెలిసినవారిని అడిగి తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాము.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మన కుల్కచర్ల వైపు చాచా ఒకాయనకు రెండు కిడ్నీలు చెడిపోయి, వారానికి మూడుసార్లు డయాలసిస్ కొరకు హైదరాబాదు పోవలసి వచ్చింది. దారి ఖర్చులకు మేము ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగు చేశాము. అది మంచి పనే. కానీ అంతకు ఆరేండ్ల ముందే ఆయనకు బీపీ ఉన్నదని తెలిసింది. రెండు నెలలు గోళీలు మింగి, "తలనొప్పి పోయింది, ఇంకెందుకు బాబూ గోళీలు?" అని మానేశారు. అప్పుడు "అవును చాచా, ఊరికే మందులు మింగితే ఒంటికి వేడి" అన్నవాళ్ళము కూడా మేమే. ఆ మాట ఈ రోజుకీ మమ్మల్ని పొడుస్తూనే ఉన్నది. అందుకే ఈ విషయం ఎంచుకున్నాము.

మూత్రపిండములంటే మూత్రం తయారు చేసే యంత్రములని మాత్రమే మనం అనుకుంటాము. గుండె తోడే రక్తములో సుమారు అయిదో వంతు వీటికే పోతుంది. ఒక్కొక్క మూత్రపిండములో దాదాపు 10 లక్షల సన్నని జల్లెడలు ఉంటాయి. రోజుకు సుమారు 180 లీటర్ల నీరు వీటిలో వడకట్టబడుతుంది. అందులో లీటరున్నర మాత్రమే మూత్రమై బయటికి పోతుంది, మిగిలినదంతా తిరిగి రక్తములోకే చేరుతుంది. ఎంత ఉప్పు ఉంచాలి, ఎంత నీరు వదలాలి అని చూసేవి ఇవే. చెరువు తూము దగ్గర నీరడి ఎట్లాగో, శరీరములో మూత్రపిండము అట్లాగ.

ఈ సంగతి మొదట బయటపడింది 1898లో. స్వీడన్ దేశపు స్టాక్‌హోంలో టైగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు కుందేలు మూత్రపిండము రసం తీసి మరో కుందేలు రక్తములోకి ఎక్కిస్తే దాని రక్తపోటు పెరిగింది. ఆ పదార్థానికి 'రెనిన్' అని పేరు పెట్టారు. చాలా ఏండ్లు దానిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1934లో అమెరికాలో హారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల మూత్రపిండమునకు పోయే రక్తనాళమును చిన్న బిగింపుతో నొక్కి చూపించాడు. రక్తం సరిగా అందని మూత్రపిండము మొత్తం ఒంటి రక్తపోటునే పెంచేసింది.

ఆ తరువాత అమెరికాలో పేజ్ బృందం, అర్జెంటీనాలో బ్రౌన్ మెనెండెజ్ బృందం వేర్వేరుగా ఒకే పదార్థమును కనిపెట్టాయి. ఒకరు 'ఆంజియోటోనిన్' అన్నారు, మరొకరు 'హైపర్‌టెన్సిన్' అన్నారు. చాలా ఏండ్లు రెండు పేర్లూ నడిచాయి. చివరకు 1958లో రెండు పేర్లనూ చెరి సగం కలిపి 'ఆంజియోటెన్సిన్' అని రాజీ పడ్డారు. సంఘాలు నడిపే మనబోటి వాళ్ళు నేర్చుకోదగిన పద్ధతి!

ఇక పని జరిగే తీరు వినండి. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గినా, మూత్రపిండమునకు రక్తం తక్కువైనా అది రెనిన్ వదులుతుంది. కాలేయం తయారు చేసే ఒక ప్రోటీనును రెనిన్ కత్తిరిస్తుంది. ఆ ముక్కను, ముఖ్యంగా ఊపిరితిత్తులలో, మరో ఎంజైము ఇంకొంచెం కత్తిరిస్తే ఆంజియోటెన్సిన్ తయారు. ఇది రక్తనాళములను బిగిస్తుంది. మూత్రపిండము నెత్తిన టోపీ మాదిరిగా కూర్చున్న అడ్రినల్ గ్రంథికి కబురు పంపుతుంది. ఆ గ్రంథి 'ఆల్డోస్టిరోన్' అనే హార్మోను వదులుతుంది. హార్మోను అంటే ఒక అవయవము రక్తములో వేసి ఇంకో అవయవానికి పంపే చిట్టీ అనుకోండి. ఈ చిట్టీ అందగానే మూత్రపిండము ఉప్పును పట్టి ఉంచుతుంది. ఉప్పు వెంట నీరు ఆగుతుంది. రక్తపోటు లేస్తుంది.

గుండె కూడా ఊరుకోదు. 1981లో కెనడాలో డి బోల్డ్ అనే శాస్త్రవేత్త ఎలుకల గుండె పై గదుల రసమును వేరే ఎలుకలకు ఎక్కిస్తే అవి ఉప్పును, నీటిని ఎక్కువగా బయటికి పంపాయి. అంటే నీరు ఎక్కువైతే "ఇక వదులు" అని గుండె కూడా ఒక చిట్టీ రాస్తుందన్న మాట.

దెబ్బ తగిలి రక్తం పోయినప్పుడు, వాంతులు విరేచనాలైనప్పుడు ఈ ఏర్పాటు మన ప్రాణం కాపాడుతుంది. కానీ అవసరం లేకున్నా బిగింపు సడలకపోతే అదే బీపీ జబ్బు. ఎక్కువ పోటుకు మూత్రపిండములోని సన్నని జల్లెడలు దెబ్బ తింటాయి. దెబ్బ తిన్న మూత్రపిండము పోటును ఇంకా పెంచుతుంది. ఇది గానుగెద్దు తిరుగుడు. మన చాచా విషయములో జరిగింది ఇదే. తలనొప్పి పోయింది కానీ పోటు పోలేదు. చాలామందికి ఏ బాధా తెలియకుండానే ఈ జబ్బు లోపల పని చేసుకుపోతుంది.

మందుల కథలో రెండుసార్లు పాము వస్తుంది. మన దేశములో పాతాళగంధి, సర్పగంధి అని పిలిచే మొక్క ఉన్నది. యునానీ హకీములు దీనిని అస్రోల్ అంటారు. హకీం అజ్మల్ ఖాన్ గారి ప్రోత్సాహముతో సలీముజ్జమాన్ సిద్దీఖీ దాని వేరు మీద పరిశోధన చేసి, 1931లో వేరుచేసిన పదార్థములలో ఒకదానికి హకీం గారి పేరు మీద 'అజ్మలిన్' అని పేరు పెట్టారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం వకీల్ ఈ వేరు రక్తపోటును తగ్గిస్తుందని బ్రిటిష్ పత్రికలో రాస్తే ప్రపంచం దృష్టి ఇటు తిరిగింది. 1952లో స్విట్జర్లాండులో దాని నుండి 'రిసర్పిన్' తీశారు. ఇప్పుడు దాని వాడకం బాగా తగ్గింది. ఎవరూ సొంతంగా ఆ వేరు నూరుకుని తాగవద్దు.

రెండవది నిజం పామే. బ్రెజిల్‌లో ఒక రకం రక్తపింజర కరిస్తే మనిషి రక్తపోటు పడిపోతుంది. 1965లో సెర్జియో ఫెరీరా ఆ విషములో ఒక పదార్థం పట్టుకున్నాడు. ఆంజియోటెన్సిన్‌ను తయారు చేసే ఎంజైమును అది ఆపుతుందని తరువాత తేలింది. దానిని దారిగా పట్టుకుని కుష్మన్, ఓండెట్టి 'కాప్టోప్రిల్' తయారు చేశారు. 1981లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. ఈ రోజు డాక్టర్లు రాసే ఎన్నో బీపీ గోళీలు ఆ వంశములోనివే. ఇవి మూత్రపిండమునకు కూడా రక్షణ. అయితే గర్భిణీ స్త్రీలకు పనికిరావు.

"ఇది పట్నం జబ్బు, జొన్నరొట్టె తినేవాళ్ళకు రాదు" అని కొందరంటారు. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో మరణాలను లెక్కించి 2006లో ప్రకటించిన అధ్యయనములో, గుండె, రక్తనాళముల జబ్బులే మొదటి కారణమని, మరణాలలో మూడో వంతు దాకా వాటివల్లనే అని తేలింది. పల్లెలకు మినహాయింపు లేదు.

కనుక మా మనవి ఇది. 30 ఏండ్లు దాటిన ప్రతివారూ ఏడాదికొకసారైనా బీపీ చూపించుకోండి. వేర్వేరు రోజులలో చూసినా 140/90 లేదా అంతకు మించి ఉంటే డాక్టరు దగ్గరికి పోండి. మూత్రములో ప్రోటీను, రక్తములో క్రియాటినిన్ పరీక్ష చేయించండి. రోజుకు మనిషికి అన్నీ కలిపి ఒక చెంచాడు ఉప్పు, అంటే 5 గ్రాములు చాలు. తొక్కులో, పాపడలో ఉన్నది కూడా ఆ లెక్కలోదే. అక్కలారా, దస్తర్‌ఖాన్ మీద ఉప్పు గిన్నె పెట్టడం మానండి.

మోకాళ్ళ నొప్పులకు దుకాణములో అడిగి నొప్పి గోళీలు రోజూ మింగవద్దు. మూత్రపిండములోని రక్తనాళములను తెరిచి ఉంచే పదార్థమును అవి ఆపేస్తాయి. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవారు రంజాన్ నెలకు ముందే డాక్టరును కలిసి, రోజా ఉండవచ్చునా, ఉంటే ఏ గోళీ సహరీకి, ఏది ఇఫ్తారుకు అని అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, డాక్టరు చెప్పనిదే గోళీ మానవద్దు.

సంఘం పెద్దలకు ఒక్క విన్నపము. చందాలతో రెండు బీపీ మిషన్లు కొందాము. ప్రతి శుక్రవారం నమాజు తరువాత మగవారికి, మధ్యాహ్నం ఆడవారికి చూసి, పుస్తకములో రాసి పెట్టుదాము. గోళీ మానినవారి ఇంటికి మేమే వస్తాము. ఈసారి "వేడి చేస్తుంది" అని చెప్పడానికి కాదు, "మానవద్దు" అని చెప్పడానికి.