పరదేశమున తెలుగుబడి



మూడుపదుల యేండ్లు సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి నొందిన మాకు ఈ వార్షికసభయందు మాటాడు నవకాశ మిచ్చినందులకు కృతజ్ఞులము. మన విద్యానిధిలో కొంత భాగమును విదేశములందలి తెలుగుబడులకు వినియోగింప వచ్చునా యనునది నేటి చర్చ. “సముద్రము దాటినవారు సంపన్నులు గదా, వారికి మన దానమేల?” యని కొందఱు పెద్ద లనుచున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

ఈ హనుమాన్ జంక్షన్ బెజవాడ, ఏలూరు, నూజివీడు, గుడివాడ త్రోవలు కలియు కూడలి. ఇచ్చటి ఆంజనేయస్వామికి మ్రొక్కి గన్నవరమున విమాన మెక్కిన బిడ్డలు మనలో ననేకులకు గలరు. కాని పూర్వము పోయినవా రిట్లు పోలేదు. మారిషసునకును, 1860 మొదలుకొని దక్షిణాఫ్రికాలోని నేటాలునకును, పిదప మలయా రబ్బరుతోటలకును మనవారు కూలికై ఓడలెక్కిరి. కోరంగి రేవునుబట్టి మారిషసునందు తెలుగువారికి ‘కొరింగీ’ లను పేరే వచ్చెను.

మలయాలో 1923 నాటి కార్మికచట్టము బడియీడు పిల్లలు పదుగురున్న తోటలో బడి యుండవలెనని విధించెను. బడులు వెలసెను గాని వానిలో తమిళబడులే పెక్కు. కొలదిగా నున్న తెలుగుబడులు క్రమముగా మూతపడెను. అచ్చటనే చీనావారి నడవడి చూడుడు. తన్ కా కీ యను రబ్బరు వర్తకుడు 1919లో సింగపూరున చీనా ఉన్నతపాఠశాలను నెలకొల్పెను. నేటికిని మలేషియాలో అఱువదికి పైగా చీనా స్వతంత్రోన్నతపాఠశాలలు తమవారి చందాల యండతో నడచుచున్నవి. రబ్బరుచెట్లకు గాటు పెట్టినవారు వారిలోను గలరు, మనలోను గలరు. వారి కూలి వెనుక వర్తకు డుండెను. మన కూలి వెనుక దాత లేకపోయెను. 1955లో వెలసిన మలయా ఆంధ్రసంఘము, నేటి మలేషియా తెలుగుసంఘము, ఆ కొఱత దీర్పఁ బాటుపడుచున్నది. పెద్దల ప్రశ్నకు మా సమాధాన మిదియే.

ఇక సంపన్నుల మాట. మా మనుమరాలు అమెరికాలో పుట్టినది. తెలుగు మాటాడును, అక్షర మెఱుగదు. మా జాబులు తండ్రి చదివి వినిపింపవలసినదే. 2007లో కాలిఫోర్నియాలో మొదలైన మనబడి తరగతులలో ఆమె చేరినది. సెలవుదినములను వదలుకొని ఉపాధ్యాయు లచట పాఠములు చెప్పుదురు. ఏడాదికి ఆమె జాబు వచ్చినది: “తాతయ్యా, మీ ఉత్తరం నేనే చదివాను.” నాలుగు పంక్తులలో ఆఱు తప్పులు. జీవితమంతయు ఎఱ్ఱసిరాతో దిద్దిన మా చేయి ఆ కాగితముపై ఆడలేదు.

కావున మా మనవి మూడు మాటలు. ధనికులున్న తావునకు ధనము వలదు. పుస్తకములును, మన విశ్రాంతోపాధ్యాయుల పాఠములును పంపుదము. కూలివారి సంతతి యున్న తావునకు ధనమే పంపుదము. ఆ బడిలో మన కులమువారి బిడ్డలే యుండవలెనను నియమము వలదు. అక్షరమునకు కులము లేదు. దాతల పేరు గోడపై చెక్కించుటకు ముందు గురువునకు జీత మిప్పింపుడు. గోడ చదువు చెప్పదు.

తుదకొక మాట. సముద్రమునకు ఈవలనున్న మన యిండ్లలోను తెలుగు చదువనేరని బిడ్డలు గలరు. ఈ సంచికను నేటి రాత్రి వారిచేత చదివింపుడు. తడబడినచో, మొదటి చందా మన యింటనే చెల్లింపవలెనని గ్రహింపుడు.

స్వస్తి.