మూడు మణుగులా? పది మణుగులా?

(ఉగాది సభలో చేసిన ప్రసంగం)



మేము పండితులము కాము. మెట్రిక్యులేషన్ వరకు చదివి, రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకుంటున్నవారము. సంఘంవారు ఏదో ఒకటి మాట్లాడమంటే, మాకు తెలిసినది తూకమే గనుక ఒక తూకం లెక్క మనవి చేస్తాము. ఇది మా ఇంటి లెక్క. రెండు కుటుంబాలను విడదీసిన లెక్క.

మా తాతగారిది ఆదోని తాలూకాలో ఒక పల్లె. వారి తమ్ముడు, మా చిన్నతాతగారు, బళ్ళారిలో ఒక అంగడిలో పద్దులు రాసేవారు. 1953 అక్టోబరు 1న ఆదోని ఆంధ్ర రాష్ట్రంలోకి, బళ్ళారి మైసూరులోకి పోయాయి. అన్నదమ్ముల మధ్య సరిహద్దు పడినా మనసులు కలిసే ఉండేవి. మరుసటి ఏడు ఎండాకాలంలో తాతగారు రెండు బస్తాల చింతపండు తూయించి, రైలుకు వేసి, రసీదు తమ్మునికి పంపారు, అమ్మిపెట్టమని.

చిన్నతాతగారు ఆ రసీదును ఒక వర్తకునికి ఇచ్చేశారు. బస్తాలను కంటితోనైనా చూడలేదు. రసీదులో తూకం మూడు మణుగులని ఉంది. వర్తకుడు బజారు ధరకు మూడు మణుగుల రూకలు లెక్కపెట్టి ఇచ్చాడు. ఆ సొమ్ము పైసా మిగుల్చుకోకుండా అన్నగారికి చేరింది. అన్నగారి పద్దులోనేమో పది మణుగులు!

“మధ్యలో ఏడు మణుగులు ఎలుకలు తిన్నాయా?” అని తాతగారు ఉత్తరం రాశారు. “రైలు కాగితంలో ఉన్నదే ఇచ్చాను” అని తమ్ముడు బదులు రాశారు. అంతే. ఆ తరువాత ఒకరి గడప ఒకరు తొక్కలేదు. ఇద్దరూ అలాగే కాలం చేశారు.

మొన్న ఊరి ఇంటి పెట్టె సర్దుతుంటే ఆ ఉత్తరమూ, తాతగారి పద్దు పుస్తకమూ మా చేతికి చిక్కాయి. పద్దులో “10 మణుగులు, అనగా 80 వీశెలు” అని ఉంది. మాకు పట్టుదల పుట్టింది. మణుగుకు ఎన్ని సేర్లని మా ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనను అడిగాము. నలభై అన్నారు. ఊరి పెద్దలను అడిగాము. వారూ నలభై అన్నారు. రెండుచోట్లా నలభై సేర్లే అయితే చిన్నతాతగారే దొంగ కావాలి కదా! నిజం చెప్పాలంటే ఆ రాత్రి మేమూ అలాగే అనుకున్నాము.

తెల్లవారి మళ్ళీ ఆ పెద్దాయన దగ్గరికి పోతే, “సేరుకు ఎన్ని తులాలో అడిగావా?” అన్నారు. ముడి అక్కడుంది. మన మద్రాసు లెక్కలో మూడు తులాలు పలము, నలభై పలాలు వీశె, ఎనిమిది వీశెలు మణుగు. వీశెకు అయిదు సేర్లు గనుక ఈ కచ్చా సేరు 24 తులాలే. రైలువారిది పక్కా సేరు, 80 తులాలు. తులము మాత్రం ఎక్కడైనా ఒక్కటే. 1835 నుండి చెల్లిన వెండి రూపాయి ఎత్తు.

ఇక లెక్క చూడండి. కచ్చా మణుగు 960 తులాలు. పది మణుగులు 9,600. పక్కా మణుగు 3,200 తులాలు. మూడు మణుగులు 9,600. ఈనాటి లెక్కలో రెండూ సుమారు 112 కిలోలే! ఒక్క గింజ కూడా పోలేదు. పక్కా మణుగులను కచ్చా మణుగుల ధరకు అమ్ముకున్నారు, అంతే. ఆ వర్తకుడు తెలిసి చేశాడో, తెలియక చేశాడో భగవంతునికెరుక.

1956లో తూనికల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుండి అంచెలంచెలుగా కిలోలు వచ్చాయి. రెండు మణుగుల బాధ పోయింది. మా చిన్నతాతగారికి మాత్రం ఆ కిలోలు నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చాయి.

ఈ లెక్క కాగితం మీద రాసుకుని, ఇదే ఊరిలో ఉన్న చిన్నతాతగారి కూతురు, మా అత్తయ్యగారి ఇంటికి పోయాము. డెబ్బై అయిదు దాటిన మనిషి. రెండుసార్లు చదివించుకున్నారు. “మా నాయన దొంగ కాదని ఇంత చిన్న లెక్క చెప్తుందా, నాయనా?” అని కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. మేము తల వంచుకున్నాము.

సరిహద్దున బతికే మనకు ఇటువంటి లెక్కలు ఇంకా తీరలేదు. ఆంధ్రలో పొలం సెంట్లలో చెప్తారు, ఎకరాకు వంద. ఇక్కడ గుంటల్లో చెప్తారు, ఎకరాకు నలభై. గుంట అంటే రెండున్నర సెంట్లు. పంపకాలప్పుడు పది గుంటలు వచ్చినవారు, ఇరవై అయిదు సెంట్లు వచ్చినవారిని చూసి కుళ్ళుకోనక్కరలేదు, రెండూ ఒకటే. తేడా కనిపించినప్పుడు మనిషిని అనుమానించే ముందు కొలతను అడగండి. పేరు ఒక్కటైనంత మాత్రాన కొలత ఒక్కటి కాదు.

ఈ ఉగాది పచ్చడికి చింతపండు అత్తయ్యగారి ఇంటినుండే వచ్చింది. తూచలేదు.