శిఖరం సగం దారే



బలద్ నుంచి మనం ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ అడిగేది ఒక్కటే: "ఎప్పుడొస్తావు నాయనా?" సాహసికీ ఆ ప్రశ్న తప్పదు.

నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం బిడ్డ మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలూ ఎక్కాడు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ కనుమరుగయ్యాడు. ఏప్రిల్‌లో భౌతికకాయం ఇల్లు చేరింది. ఆ తల్లి కడుపుకోత ఎవరు తీర్చగలరు? తప్పు ఆయనదని అనను. కొండమీద వాతావరణం ఎవరి మాటా వినదు.

అందుకే పర్వతారోహకులు వెనుదిరగాల్సిన గంట ముందే పెట్టుకుంటారు. అది దాటితే శిఖరం కళ్లెదుటే ఉన్నా దిగాల్సిందే. సాహసయాత్రలకు వెళ్లే మన పిల్లలు ఆ గంట ఇంట్లోనూ చెప్పి వెళ్లాలి. భయం పిరికితనం కాదు, ఇంటిదారి గుర్తుచేసే నేస్తం. శిఖరం సగం దారే. మిగతా సగం మన గడప దాకా.