కళ – కళాకారుడు: వాగ్నర్ సంగీతం రేపిన ప్రశ్న

(ప్లాటినం జూబిలీ సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదేళ్ళ విద్యాసేవను స్మరించుకొనే సందర్భంలో ప్రశంసా వాక్యాలకు కొదవ ఉండదు. విద్యాలయం ప్రశంసకే గాక ప్రశ్నకు కూడా నెలవు. అందుచేత ఒక చిక్కు ప్రశ్నను సభ ముందుంచడమే ఈ ప్రసంగ లక్ష్యం. మహత్తరమైన సంగీతాన్ని సృష్టించిన వ్యక్తి హృదయంలో ఒక జాతిపట్ల ద్వేషం గూడు కట్టుకొని ఉన్నదని తెలిసిన తరువాత, ఆ సంగీతాన్ని ఆస్వాదించడం తగునా?

తెలుగు వారికి ఈ ప్రశ్న కొంత కొత్తగా తోచవచ్చు. అన్నమాచార్యుడు, క్షేత్రయ్య, రామదాసు, త్యాగరాజు – వీరి పేర్లు తలచినంతనే చేతులు జోడించడం తరతరాల సంస్కారం. పాట గొప్పదైతే పాడినవాడు పుణ్యాత్ముడే అయి ఉంటాడన్న నమ్మకం ఆ సంస్కారంలో భాగం. ఆ నమ్మకాన్ని నిలువునా కుదిపివేసే ఉదాహరణ జర్మనీ దేశపు సంగీతకర్త రిచర్డ్ వాగ్నర్.

వాగ్నర్ 1813లో లైప్‌జిగ్ నగరంలో జన్మించి, 1883లో వెనిస్‌లో కన్నుమూశాడు. తన ఒపేరాలకు సాహిత్యాన్నీ సంగీతాన్నీ తానే సమకూర్చుకొన్నాడు గనుక ఆయనను వాగ్గేయకారుడనడం సముచితమే. ఒక్కొక్క పాత్రకు, వస్తువుకు, భావానికి ఒక చిన్న స్వర సముదాయాన్ని కేటాయించి, కథాగమనాన్ని బట్టి వాటిని పెనవేసే పద్ధతిని ఆయన పరాకాష్ఠకు చేర్చాడు. 1865లో మ్యూనిక్‌లో తొలిసారి ప్రదర్శితమైన ‘ట్రిస్టన్ ఉండ్ ఇజోల్డ’ ఒపేరా ఆరంభంలో ఒక స్వర సమ్మేళనం వినిపిస్తుంది. అది శ్రోత మనసులో రేపిన ఆర్తి పూర్తిగా ఉపశమించేది దాదాపు నాలుగు గంటల సంగీతం గడిచి, నాయిక కడసారి గానం ముగిసే వేళకే. ‘నీబెలుంగుల అంగుళీయకం’ అనే నాలుగు ఒపేరాల మాలికను పూర్తిచేయడానికి ఆయనకు పాతికేళ్ళకు పైగా పట్టింది. దాని ప్రదర్శన కోసం బైరాయిట్ పట్టణంలో ప్రత్యేకంగా నాటకశాలను నిర్మింపజేసి, 1876లో ప్రారంభించాడు. క్రైస్తవ వివాహాలలో వధువు ప్రవేశించే వేళ వినవచ్చే ప్రసిద్ధమైన బాణీ కూడా ఆయన ‘లోహెన్‌గ్రిన్’ ఒపేరాలోనిదే. ఆ బాణీ విని ఆనందించినవారిలో అనేకులకు కర్త పేరు తెలియదు.

ఇది నాణేనికి ఒక వైపు. రెండవ వైపు 1850లో బయటపడింది. ఆ సంవత్సరం ఒక జర్మన్ సంగీత పత్రికలో ‘సంగీతంలో యూదుతత్త్వం’ అనే వ్యాసం మారుపేరుతో వెలువడింది. రాసినది వాగ్నరే. పందొమ్మిదేళ్ళ తరువాత, 1869లో, దానిని మరింత పెంచి తన స్వంత పేరుతోనే మళ్ళీ ప్రచురించాడు. కనుక దానిని యౌవనపు ఆవేశంగానో, క్షణికమైన కోపంగానో కొట్టివేయడానికి వీలు లేదు.

ఆ వ్యాసంలోని ప్రధాన వాదాన్ని ఈ సభ ప్రత్యేకంగా గమనించవలసి ఉన్నది. యూదుడు తాను నివసించే దేశపు భాషను ఎన్ని తరాలుగా మాట్లాడుతున్నా పరాయివాడుగానే మాట్లాడతాడనీ, కనుక ఆ భాషలో నిజమైన కవిత్వం గాని, ఆ నేలపై నిజమైన సంగీతం గాని అతడు సృష్టించలేడనీ వాగ్నర్ వాదించాడు. తరతరాలుగా తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ సీమలలో స్థిరపడి, ఇంట ఒక భాషను, వీధిలో మరొక భాషను తమవిగా చేసుకొన్న కుటుంబాలకు ఈ వాదం ఎంతటి అవమానమో వేరుగా వివరించనక్కరలేదు. పుట్టుకను బట్టి కళకు అర్హత నిర్ణయించే మాట ఎవరిని ఉద్దేశించి చెప్పినా, అది వలసవచ్చి వేళ్ళూనుకొన్న ప్రతి కుటుంబానికీ తగులుతుంది.

వాదం అవమానకరమే గాక అసత్యం కూడా. దానిని ఖండించడానికి దక్షిణాది సంగీత చరిత్ర ఒక్కటి చాలును. తమిళ కుటుంబంలో పుట్టిన పట్నం సుబ్రహ్మణ్య అయ్యరు తెలుగులో కృతులు రచించారు. ఆయన శిష్యులు, కన్నడ దేశీయులు అయిన మైసూరు వాసుదేవాచార్యులు తెలుగు, సంస్కృత భాషలలో రచనలు చేశారు. అన్నమయ్య సంకీర్తనలను ఇంటింటికీ చేర్చిన గళాలలో అగ్రగణ్యమైన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి మాతృభాష తమిళం. త్యాగరాజస్వామి తన తెలుగు కృతులను రచించినది తమిళ సీమలోని తిరువయ్యారులో. నేర్చిన భాషలో హృదయం పలకదన్న సిద్ధాంతం కావేరీ తీరాన నిలువలేదు. జర్మనీలోనూ నిలువలేదు. వాగ్నర్ తన వ్యాసంలో పేరెత్తి కించపరచిన ఫెలిక్స్ మెండెల్సన్ యూదు వంశజుడు. మరుగున పడి ఉన్న బాఖ్ మహాకృతి ‘సెయింట్ మాథ్యూ ప్యాషన్’ను 1829లో బెర్లిన్‌లో ప్రదర్శించి, దానికి పునర్జీవం పోసినది ఆ మెండెల్సనే.

వాగ్నర్ ద్వేషానికి కృతఘ్నత కూడా తోడయింది. ఆయన పారిస్‌లో దారిద్ర్యంతో కుములుతున్న రోజులలో చేయూతనిచ్చినవాడు మేయర్‌బేర్ అనే ప్రఖ్యాత యూదు సంగీతకర్త. ‘రియెంజీ’ ఒపేరా 1842లో డ్రెస్డెన్‌లో ప్రదర్శితమై వాగ్నర్‌కు కీర్తి తెచ్చిపెట్టడం వెనుక మేయర్‌బేర్ సిఫారసు ఉన్నది. వ్యాసంలో ఆయన పేరు చెప్పకుండానే, చదువరులు పోల్చుకొనే రీతిలో వాగ్నర్ ఆయనపై విషం చిమ్మాడు.

అయినను, వాగ్నర్ సంగీతాన్ని అత్యంత శ్రద్ధతో సేవించినవారిలో యూదులే అనేకులు ఉండటం చరిత్రలోని వైచిత్రి. ఆయన చివరి ఒపేరా ‘పార్సిఫాల్’ను 1882లో బైరాయిట్‌లో తొలిసారి నిర్వహించిన హెర్మన్ లేవీ ఒక యూదు మతగురువు కుమారుడు. క్రైస్తవ మతం స్వీకరించవలసిందని వాగ్నర్ ఒత్తిడి చేసినా లేవీ లొంగలేదు. అవమానాలు సహించాడే గాని సంగీతాన్ని విడిచిపెట్టలేదు. మరుసటి సంవత్సరం వాగ్నర్ శవపేటికను మోసినవారిలో ఆయన కూడా ఒకడు.

వాగ్నర్ మరణించిన ఆరేళ్ళకు, 1889లో, హిట్లర్ జన్మించాడు. నాజీల దురాగతాలకు వాగ్నర్‌ను నేరుగా దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. అయితే హిట్లర్ ఆయనను ఆరాధించాడు. వాగ్నర్ కోడలు వినిఫ్రెడ్ హిట్లర్‌కు ఆత్మీయురాలైంది. బైరాయిట్ ఉత్సవం నాజీల ఉత్సవంగా మారింది. అదే కాలంలో మెండెల్సన్ సంగీతం జర్మనీలో నిషిద్ధమయింది. 1936లో లైప్‌జిగ్‌లోని ఆయన విగ్రహాన్ని తొలగించారు. దాని ప్రతిరూపం మళ్ళీ ఆ నగరంలో నిలబడేసరికి 2008వ సంవత్సరం వచ్చింది.

1938 నవంబరులో జర్మనీలో యూదుల ప్రార్థనాలయాలను దహనం చేసిన వార్త వినగానే, ఇజ్రాయెల్ ఫిల్హార్మోనిక్‌కు పూర్వరూపమైన పాలస్తీనా ఆర్కెస్ట్రా తన కార్యక్రమం నుండి వాగ్నర్ రచనను తొలగించింది. అక్కడ చట్టం ఏదీ నిషేధించకపోయినా, నాటి నుండి వాగ్నర్‌ను వేదికలపై వినిపించరాదన్న కట్టుబాటు ఏర్పడింది. 1981లో బొంబాయిలో పుట్టిన పార్సీ సంగీత నిర్వాహకుడు జూబిన్ మెహతా టెల్ అవీవ్‌లో, వినడానికి ఇష్టపడనివారు వెళ్ళిపోవచ్చునని ముందుగా ప్రకటించి, ‘ట్రిస్టన్’ ముగింపు భాగాన్ని వాయింపజేయగా సభలో కలకలం చెలరేగింది. 2001లో డానియల్ బారెన్‌బోయిమ్ జెరూసలేంలో ప్రకటిత కార్యక్రమం ముగిసిన తరువాత, శ్రోతలతో సుమారు అరగంట చర్చించి, ఆ ఒపేరా ప్రారంభ సంగీతాన్ని వినిపించాడు. కొందరు దూషించి తలుపులు బాదుతూ నిష్క్రమించారు. అధిక సంఖ్యాకులు కూర్చొని విని, లేచి నిలబడి హర్షధ్వానాలు చేశారు. బారెన్‌బోయిమ్ స్వయంగా యూదుడు.

ఆ రాత్రి వెళ్ళిపోయినవారిది తప్పా? కాదు. శిబిరాలలో తల్లిదండ్రులను పోగొట్టుకొన్నవారికి ఆ స్వరాలు చెవిలో కాదు, గాయంలో వినిపిస్తాయి. వారికి రసాస్వాదన పాఠాలు చెప్పే అధికారం గాయం తగలనివారికి లేదు. మరి కూర్చొని విన్నవారిది తప్పా? అదీ కాదు. ఆనందించడం వేరు, అంగీకరించడం వేరు. వినదలచినవాని చెవులు మూయించే హక్కు మరొకరికి లేనట్లే, వినలేనివానిని బలవంతంగా కూర్చోబెట్టే హక్కు కూడా ఎవరికీ లేదు. మెహతా ముందుగా తలుపులు తెరిచి ఉంచడంలోని ఔచిత్యం ఇదే.

తప్పు మరొక చోట ఉన్నది. సంగీతం గొప్పది గనుక వ్యాసాన్ని మరచిపోదామనేవారు ఒక తప్పు చేస్తున్నారు. వ్యాసం నీచమైనది గనుక సంగీతం కూడా నీచమేననేవారు మరొక తప్పు చేస్తున్నారు. మొదటివారు బాధితులకు అన్యాయం చేస్తే, రెండవవారు తమ చెవులకే అబద్ధం చెప్పుకొంటున్నారు. రెండు సత్యాలను ఒకేసారి మోయడం కష్టమే. ఆ బరువు మోయగల శక్తిని ఇవ్వడమే విద్య ప్రయోజనం. విన్నప్పుడు మనసారా వినడం, చెప్పవలసినప్పుడు దాచకుండా చెప్పడం – ఇదే సహృదయునికి తగిన మార్గం.

ఈ మార్గం తెలుగు తరగతి గదికి కూడా వర్తిస్తుంది. ఈ బడి వంటి బడులలో పిల్లలు తొలుత కంఠస్థం చేసే వాటిలో సుమతీ శతకం ఒకటి. లోకానుభవం నిండిన కంద పద్యాలతో పాటు, స్త్రీలను, కొన్ని కులాల వారిని కించపరచే పద్యాలు కూడా అందులో ఉన్నాయి. పాఠ్యపుస్తకాలలో వాటికి చోటు ఉండదు. చిన్న తరగతులకు అది సమంజసమే. కాని పై తరగతులకు వచ్చిన ఆడపిల్ల గ్రంథాలయంలో పూర్తి శతకాన్ని తెరచి, తనను నిందించే పద్యం చదివి, ఉపాధ్యాయుని ముఖం వైపు చూసినప్పుడు ఆయన మౌనం వహించరాదు. ‘ఇది కూడా ఆ గ్రంథంలోనిదేనమ్మా; ఇది తప్పు; ఇందువల్ల తప్పు’ అని వివరించవలసిన బాధ్యత ఆయనది. అట్లా చెప్పినందువల్ల శతకం పలుచన కాదు. ఆ బాలికకు మాత్రం తన భాష తనను వెలివేయలేదన్న ధైర్యం కలుగుతుంది. ఇంట ఆ ప్రశ్న ఎదురైతే తల్లిదండ్రులకూ ఇదే బాధ్యత.

కళాఖండం కర్త చేతులు దాటిన తరువాత వినేవారిది, చదివేవారిది. వాగ్నర్ తనవారు కారని తలచినవారే ఆయన సంగీతానికి ప్రాణం పోశారు. ఆయన వాదానికి అంతకు మించిన ఖండన లేదు. భాష విషయంలోనూ అంతే. దానిని ప్రేమతో నేర్చి, పాడి, ప్రశ్నించి, పిల్లలకు అందించేవారే దానికి వారసులు. మాతృభాషా ప్రాంతానికి దూరంగా తెలుగు దీపాన్ని డెబ్బయి అయిదేళ్ళు ఆరనీయక కాపాడిన ఈ విద్యాలయం ఆ వారసత్వానికి సాక్షి. ఇక్కడ చదివే బాలబాలికలు మంచి సంగీతాన్ని ఆనందంతో వినగలగాలి, చెడు మాటను ధైర్యంతో కాదనగలగాలి. ఆ రెండింటినీ ఒకే మనసుతో చేయగలిగిన తరాన్ని ఈ సరస్వతీ నిలయం తీర్చిదిద్దుగాక!

స్వస్తి.