ఇంటి బావికి క్లోరిన్

తేటగా నున్న నీరెల్ల మంచినీరు కాదు. కలరా, టైఫాయిడ్ క్రిములు కంటికి కనబడవు, నీటి రుచిని మార్చవు. వానకాలమున మురుగు బావిలోనికి ఊరినను తోడువారికి తెలియదు. 1854లో లండనున కలరా ఒక వీధి పంపునీటివలన వ్యాపించినదని జాన్ స్నో అను వైద్యుడు చూపెను. నేడు మన బావికి సులభమైన రక్ష బ్లీచింగ్ పౌడరు.

ముందుగా నీటి కొలత తెలియవలెను. 1.5 మీటర్ల వెడల్పుగల గుండ్రని బావిలో 3 మీటర్ల లోతు నీరున్నచో, అది సుమారు 5,300 లీటర్లు. 1,000 లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున 13 గ్రాముల పౌడరు సరిపోవును. గాలి, వెలుగు, తేమ సోకిన పౌడరు సత్తువ కోల్పోవును, దానిని నమ్మరాదు.

పొడిని నేరుగా చల్లకుడు. బకెట్టులో కొద్ది నీటితో ముద్దచేసి, మరికొంత నీరు కలిపి, పది నిమిషములు కదల్పక యుంచుడు. సున్నము అడుగున చేరును. అది బావిలో పడినచో నీటి కఠినత్వము హెచ్చును. కావున పైతేటను మాత్రము వేరొక బకెట్టులోనికి వంచి, త్రాటితో నీటి లోపలికి దింపి, పైకిని క్రిందికిని ఆడించుడు. పిదప గంటసేపు తోడరాదు. రాత్రి పరుండబోవు ముందు వేయుట అనుకూలము.

మరునాడు ఇంటి పెద్దలు మందువాసన యని ఆ నీటిని వలదనవచ్చును. కావలివాడింకను మేలుకొని యున్నాడనుటకు ఆ కొద్ది వాసనయే గుర్తని వారికి నచ్చజెప్పుడు.