గ్రంథాలయమునకు దాతలు
(రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిననాడు దానికి పన్నుల రాబడి లేదు. ప్రజల దానమే మూలధనము. 1960 నాటి చట్టముచే ఇంటిపన్నుపై విధింపబడిన గ్రంథాలయ పన్ను జిల్లా గ్రంథాలయ సంస్థలకు చేరుచున్నది. గ్రామసంఘములు స్వయముగ నడుపుకొను పఠనాలయములు మాత్రము నేటికిని దాతలనే నమ్ముకొనవలసియున్నవి.

భవనమునకు ఒక్క దాత చాలును. దానిలో దీపము వెలుగుటకు నూరుగురు కావలెను. శిలాఫలకముపై పేరు చెక్కించుకొనువారు దొరకుదురు. పత్రికల చందాకు, చినిగిన పుస్తకములకు అట్టలు కట్టించుటకు, గ్రంథపాలకుని జీతమునకు ఇచ్చువారు అరుదు. చక్కని భవనముండియు తాళము పడుట ఈ లోటువలననే.

కావున సంఘమువారు ఇంటింటికిని పోవలెను. నూర్పిళ్లనాడు కుంచెడు ధాన్యము, పెండ్లినాడు ఒక పుస్తకపు వెల, ఉద్యోగమునకై పట్టణమేగిన బిడ్డలనుండి ఏటేట చందా అడుగవలెను. అడుగుటకు సిగ్గుపడరాదు, లెక్క చెప్పుటకు జాగు చేయరాదు. వచ్చిన ధనముతో ఏ పుస్తకములు కొనిరో, వానిని ఎందరు చదివిరో ప్రతి ఉగాదికిని గోడపై వ్రాసి చూపవలెను. తానిచ్చిన రూపాయి పుస్తకమై పొరుగింటి బాలుని చేతనుండుట చూచినవాడు మరుసటి యేడు పిలువకయే వచ్చును. అట్టివారి నమ్మకమే గ్రంథాలయమునకు శాశ్వతనిధి.