కాలిన ఇల్లు అమ్మేముందు

అగ్నిప్రమాదం జరిగిన ఇంటిని అమ్మాలనుకోగానే చాలామంది ముందు రంగులు వేయించేస్తారు. దయచేసి ఆ తొందర పడకండి. మసి కింద గోడ ఎలా ఉందో ముందు చూడాలి. సుమారు 300 డిగ్రీలు దాటిన వేడికి కాంక్రీటు తరచు గులాబీ రంగుకు తిరుగుతుంది. వేడి ఇంకా పెరిగితే దాని బలం బాగా తగ్గిపోతుంది. స్లాబు పెచ్చులూడి చువ్వలు బయటపడ్డాయా, దూలాలు వంగాయా, వాటిని బాగుచేయవచ్చా అన్నది స్ట్రక్చరల్ ఇంజినీరే తేల్చాలి. ఆయన రాసిచ్చే నివేదిక చేతిలో ఉంటే బేరంలో మీ మాటకు విలువ ఉంటుంది.

కొనేవారికి ప్రమాదం సంగతి చెప్పాలా? చెప్పి తీరాలి. మామూలుగా చూస్తే కనబడని పెద్ద లోపాన్ని అమ్మేవారు దాచకూడదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను చెబుతోంది. పిల్లాపాపలతో ఆ కప్పు కింద పడుకోబోయేది వాళ్లే కదా!

బీమా ఉంటే సర్వేయరు వచ్చి చూసేదాకా శిథిలాలు కదపవద్దు. అగ్నిమాపక శాఖ నుంచి ధ్రువపత్రం కూడా తీసుకోండి. ఇల్లు పనికిరాదని తేలినా స్థలం ధర స్థలానికి ఉంటుంది, కంగారుపడి తెగనమ్ముకోవద్దు. మంటల్లో దస్తావేజులు కాలిపోతే, రిజిస్టరైన వాటి సర్టిఫైడ్ కాపీలు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దరఖాస్తు చేసి తెచ్చుకోవచ్చు.